గంజాయి తనిఖీ నేర్పేవాళ్ళకి: విశాఖ రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ అనుభవంతో

విశాఖలో గంజాయి పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు నుంచి దిగినా, ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ నుంచి వచ్చినా, దూరం వెళ్ళాల్సిన సరుకులో చాలా భాగం రైలో బస్సో ఎక్కేది ఇక్కడే. కాస్త కళ్ళు తెరుచుకుని నిలబడితే ఎవరో ఒకరు దొరుకుతారు. కష్టమంతా దొరికిన తర్వాతే. ప్లాట్‌ఫాం మీద మొదటి అరగంటలో మనవాళ్ళు రాసిన కాగితాలూ, రాయకుండా వదిలేసిన కాగితాలూ ఏళ్ళ తర్వాత బోనులో నిలబడ్డప్పుడు బయటికొస్తాయి. అందుకే "మేడమ్, మా కొత్త బ్యాచ్‌కి గంజాయి మీద ఒక క్లాసు చెప్పండి" అని ఎవరైనా పిలిస్తే నేను బ్యాగుల ఫొటోలతో మొదలుపెట్టను. ముద్దాయిని విడుదల చేసిన తీర్పు కాపీ ఒకటి పట్టుకెళ్తాను.

నేను రైల్వే పోలీసులో, సిటీలో పనిచేసి రిటైరయ్యాను. కొత్తవాళ్ళకి నేర్పమని బాధ్యత మీద పడ్డ ఎస్ఐలు, సీఐల కోసం ఇది రాస్తున్నాను. సిలబస్ పుస్తకం మీకు ఎలాగూ ఇస్తారు. అందులో లేనివాటి గురించే ఎక్కువ చెప్తాను.

మొదటి గంట: ఓడిపోయిన కేసు

కొట్టేసిన కేసు తీర్పు ఒకటి తెచ్చి, పేర్లు కనపడకుండా గీసేసి, జిరాక్సులు పంచండి. "కేసు ఎక్కడ పోయిందో పెన్సిల్‌తో గీత గీయండి" అని చెప్పి అరగంట వదిలెయ్యండి. కుర్రాళ్ళు లోపల ఏదో పెద్ద కుట్ర ఉంటుందని వెతుకుతారు. దొరికేవన్నీ చిన్న చిన్నవి. ఇద్దరు ముద్దాయిలకీ కలిపి ఒకటే సోదా నోటీసు ఇచ్చి ఉంటారు. కవరుతో కలిపి తూకం వేసి ఉంటారు. సీలు వేసింది ఎవరో రికార్డులో ఉండదు. మధ్యవర్తిగా, అంటే సోదాకి సాక్షిగా, సంతకం పెట్టినాయన కోర్టుకొచ్చి "నన్ను స్టేషన్‌కి పిలిచి సంతకం పెట్టమన్నారండి, పెట్టాను" అనేస్తాడు. ఈ చివరిది చదివాక క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే అంతకుముందు ఏ స్టేషన్లో పనిచేసిన హోంగార్డుకైనా ఆ సీను కొత్త కాదు.

వీలైతే మధ్యాహ్నం పూట తెలిసిన డిఫెన్స్ లాయర్ని ఒకరిని పిలిపించండి. ప్రభుత్వ లాయరు (పీపీ) కంటే డిఫెన్స్ లాయరే మంచి మేష్టారు. "ఆ సమయానికి ప్లాట్‌ఫాం మీద లైట్లు వెలుగుతున్నాయా? కాటా ఎవరిది? ఎక్కడి నుంచి తెచ్చారు? ఎంతసేపట్లో వచ్చింది?" అని వరసగా నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు, పిల్లలకి జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ విలువ అర్థమవుతుంది.

కిలో, ఇరవై కిలోలు

1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్డీపీఎస్) మొత్తం కంఠతా పట్టించనక్కర్లేదు. కానిస్టేబుల్‌కి రెండు అంకెలు నోటికి రావాలి. గంజాయి 1 కిలోలోపు ఉంటే చిన్న పరిమాణం, శిక్ష ఏడాది వరకు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అక్కడ శిక్ష పదేళ్ళకి తగ్గదు, ఇరవై ఏళ్ళ దాకా వెళ్తుంది, జరిమానా లక్షకి తక్కువ ఉండదు, సెక్షన్ 37 వల్ల బెయిలు దొరకడం చాలా కష్టం. ఈ రెంటికీ మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ వరకు. సరిగ్గా 20 కిలోలే ఉంటే అది వాణిజ్య పరిమాణం కాదు, ఆపైన ఉండాలి. ఇది పంపేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

కాబట్టి తూకం దగ్గర ఎక్కువసేపు ఉండండి. శీలావతి రకం సరుకుని ప్రెస్ చేసి, ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన బ్రౌన్ టేపు మందంగా వేస్తారు. పది ప్యాకెట్లు కలిపి తూస్తే టేపు, కవర్లు, లోపల పెట్టిన న్యూస్‌పేపరు అన్నీ లెక్కలోకొస్తాయి. రిపోర్టులో 20 కిలోల 300 గ్రాములు అని రాస్తారు, కోర్టులో కవర్లు తీసేస్తే 19 చిల్లర తేలుతుంది. మన ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు కొనే మామ్మ కూడా నీళ్ళు వంపేశాక తూయమంటుంది, మనవాళ్ళకి ఆ మాత్రం పట్టింపు ఉండదు. ప్రతి ప్యాకెట్‌కీ నంబరు వెయ్యాలి. మొత్తం తూకం, కవరు తీసిన తూకం రెండూ రాయాలి. సరుకు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది కూడా రాయాలి. తడి సరుకు, పట్టుకున్న వస్తువులు దాచే ప్రాపర్టీ రూమ్‌లో ఎండి బరువు తగ్గితే, తగ్గిన కిలో ఎక్కడికి పోయిందని అడిగేది మనల్నే.

ఇంకొకటి. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివళ్ళు. అవి లేకుండా ఒట్టి ఆకులు, గింజలు ఉంటే అది గంజాయి కాదు. బ్యాగు తెరిచినప్పుడు లోపల కనిపించింది ఏమిటో ఉన్నది ఉన్నట్టు రాయడం నేర్పండి. "ఆకుపచ్చని పదార్థం" అని రాసి ఊరుకుంటే డిఫెన్స్‌కి పండగే.

అక్కడికక్కడే శాంపిల్ తీసేసే పాత అలవాటు మాన్పించండి. సెక్షన్ 52ఏ, 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం జాబితా, ఫొటోలు, శాంపిళ్ళు మేజిస్ట్రేట్ ఎదుట జరగాలి. ప్లాట్‌ఫాం మీద మనం చెయ్యాల్సింది తూకం, ప్యాకింగ్, సీలు. టెస్ట్ కిట్‌లో రంగు మారితే అది సూచన మాత్రమే, తేల్చాల్సింది ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్).

నిలబడ్డ చోటుని బట్టి సెక్షను

దీనికి బ్లాక్‌బోర్డు వద్దు. బ్యాచ్‌ని తీసుకుని స్టేషన్ ముందుకి వెళ్ళండి. ఒకటో ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి "ఇక్కడ బ్యాగు పట్టుకుంటే ఏ సెక్షను?" అని అడగండి. బహిరంగ ప్రదేశం, 43. రైలు పెట్టెలో? అదే 43. ఆర్టీసీ బస్సులో? అదే. ఇప్పుడు పార్కింగ్‌లోకి తీసుకెళ్ళి, అక్కడ ఆగి ఉన్న సొంత కారు చూపించి అడగండి. సగం మంది 43 అనే అంటారు. సొంత బండి పబ్లిక్ వాహనం కాదని, అది 42 కిందికి వస్తుందని 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ముందుగా వచ్చిన సమాచారం రాతలో పెట్టాలి, 72 గంటల్లోగా పై అధికారికి కాపీ వెళ్ళాలి, సూర్యాస్తమయం దాటితే వారంట్ ఎందుకు తేలేకపోయారో కారణం రాయాలి. పైగా సోదా చేసే అధికారం కానిస్టేబుల్‌కి లేదు, అంతకంటే పై హోదా ఉండాలి. పార్కింగ్‌లో పాఠం చెప్పినవాళ్ళు మర్చిపోరు. గదిలో చెప్పినది టీ బ్రేక్‌కే ఎగిరిపోతుంది.

రైల్వేలో రక్షక దళం ఆర్పీఎఫ్‌కి కూడా 2019 నుంచి ఏఎస్ఐ, ఆపై హోదా వాళ్ళకి ఈ చట్టం కింద సోదా, అరెస్టు అధికారం ఉంది. తర్వాతి దర్యాప్తు జీఆర్పీ (రాష్ట్ర రైల్వే పోలీసు) లాంటి వేరే ఏజెన్సీ చూస్తుంది. సరుకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారే ఆ క్షణంలో సీళ్ళ నంబర్లు, సమయం, ఇచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు రాసుకోవాలి. రెండు ఫోర్సుల వాళ్ళనీ ఒకే క్లాసులో కూర్చోబెడితే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. కూర్చోబెట్టడమే కష్టం, అది వేరే సంగతి.

చూడటం నేర్పడం

మొదటిరోజు ఎవర్నీ ఆపనివ్వకండి. ఉత్తినే చూడమనండి. మామూలు ప్రయాణికుడు ఎలా ఉంటాడో తెలియకుండా అనుమానించాల్సినవాడు ఎలా తెలుస్తాడు? హౌరా వైపు నుంచి చెన్నై వెళ్ళే బళ్ళు చాలావరకు మన స్టేషన్లోకి వచ్చి ఇంజిన్ అటు నుంచి ఇటు మార్చుకుని వెనక్కి తిరుగుతాయి. ఆ ఇరవై నిమిషాలూ చూడటానికి మంచి సమయం. జనం దిగుతారు, నీళ్ళు పట్టుకుంటారు, ఇడ్లీ కొంటారు, కళ్ళు మాత్రం తమ సామాను మీదే ఉంటాయి. సామానుకి దూరంగా నిలబడి, దాన్ని చూడనట్టు చూసేవాడు ఆ గుంపులో తేడాగా కనపడతాడు. జ్ఞానాపురం వైపు గేటు, దువ్వాడ స్టేషను కూడా చూపించండి. కొన్ని రైళ్ళు విశాఖలోకి రాకుండా దువ్వాడ మీంచే పోతాయి.

ఏం గమనించాలో చెప్పండి. మనిషికీ బ్యాగుకీ పొత్తు కుదిరిందా? చిన్న ట్రాలీ బ్యాగుని రెండు చేతులతో ఎత్తుతున్నాడా? దూర ప్రయాణానికి టికెట్ ఉంది కానీ చేతిలో దుప్పటీ, నీళ్ళ సీసా కూడా లేవా? బ్యాగులో ఏముందంటే "బట్టలు" అన్నవాడు ఏ బట్టలో చెప్పలేకపోతున్నాడా? వీటిలో ఏదీ ఒంటరిగా నిలబడదు. మూడు నాలుగు కలిస్తే మాటలు కలపొచ్చు.

నా దగ్గర ఒక నియమం ఉంది, బ్యాచ్ మారినా అది మారదు. ఆపే ముందు కారణం ఒక వాక్యంలో నోట్‌బుక్‌లో రాయాలి. ఆ వాక్యంలో మనిషి రంగు, బట్టలు, భాష, ఊరు ఉండకూడదు. "అరవం మాట్లాడుతున్నాడు" కారణం కాదు. "కోయోళ్ళలా ఉన్నారు" అని ఎవరైనా రాస్తే ఆ పేజీ చింపించి మళ్ళీ రాయిస్తాను. పాడేరు బస్సు దిగే వాళ్ళ మూటల్లో ఉండేవి పసుపు, అల్లం, చింతపండు, పిప్పళ్ళు, రాజ్మా, అడ్డాకులు. కిరండూల్ పాసింజరులోనూ అంతే. రోజూ వచ్చే ఆ ముసలమ్మని నడిరోడ్డు మీద మూట విప్పించి అల్లమంతా పారబోస్తే మళ్ళీ ఏరిపెట్టేది ఎవరు? "మా అల్లం బావూ, సంతకేగా అట్టుకెల్తన్నాం" అని ఆమె ఏడిస్తే అక్కడున్న వందమందికి మన మీద గౌరవం పోతుంది. రేపు ఒక్కడూ సమాచారం చెప్పడు. సరైన కారణం లేకుండా వేధించే సోదాకి సెక్షన్ 58 కింద ఆ అధికారికే ఆరు నెలల వరకు జైలు ఉందని కూడా క్లాసులో చదివి వినిపించండి. చాలామంది ఆ సెక్షను పేరు మొదటిసారి వింటారు.

మాట కలపడం కూడా ప్రాక్టీసు చేయించాల్సిందే. గద్దించి అడిగితే తప్పు చెయ్యనివాడు కూడా తడబడతాడు, ఆ తడబాటు చూసి మనవాళ్ళు "దొరికాడు" అనుకుంటారు. "బండి లేటంట కదండీ, ఎక్కడిదాకా?" అని మొదలుపెట్టడం నేర్పండి.

డమ్మీ బ్యాగుతో కసరత్తు

ఎండుగడ్డిని కవర్లలో కుక్కి బ్రౌన్ టేపు చుట్టి ప్యాకెట్లు చేయించండి. ప్రాపర్టీ రూమ్‌లో ఉన్న అసలు సరుకు క్లాసుకి తేవద్దు, పై అధికారి అడిగినా సరే. ఒకరు ప్రయాణికుడు, ఒకరు ఎస్ఐ, ఇద్దరు మధ్యవర్తులు, ఒకరు వీడియో తీసేవాళ్ళు. మిగతావాళ్ళు చుట్టూ గుమిగూడి గోల చెయ్యాలి. ప్లాట్‌ఫాం మీద నిజంగా అలాగే ఉంటుంది.

వీడియో ముందు ఆన్ అవ్వాలి, బ్యాగు తర్వాత తెరుచుకోవాలి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ బదులు అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం ఆడియో వీడియోలో రికార్డ్ చేసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి. మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ తెగుతుంది కాబట్టి ముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి. బ్యాటరీ ఎంత ఉందో చూసుకోమనండి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, కసరత్తులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరి ఫోన్ సరిగ్గా తూకం దగ్గర ఆగిపోతుంది.

ఒంటి మీద సోదా చెయ్యాలంటే ఎన్డీపీఎస్ సెక్షన్ 50. గెజిటెడ్ అధికారి గానీ మేజిస్ట్రేటు గానీ దగ్గర సోదా చేయించుకునే హక్కు ఉందని ముద్దాయికి చెప్పాలి. పైపైన చెప్పామంటే చాలదని 2010లో విజయసింహ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. 2014లో పరమానంద్ కేసులో ఇంకో రెండు విషయాలొచ్చాయి. ఎవరి నోటీసు వాళ్ళకి విడిగా ఇవ్వాలి. "లేదంటే మా టీమ్‌లో ఉన్న సారు ముందే చేయించుకో" అని మూడో దారి చూపకూడదు. చేతిలో బ్యాగు సోదాకి సెక్షన్ 50 వర్తించదని కోర్టులు చెప్పాయి. అయినా నా సలహా, నోటీసు ఇచ్చెయ్యండి. ఒక కాగితం ఖర్చు, పదేళ్ళ కేసుకి రక్ష. తెలుగుతో పాటు ఒడియా, హిందీ, తమిళం, మలయాళంలో నోటీసులు ముందే అచ్చు వేయించి బ్యాగులో పెట్టుకోవాలి. తెలుగు రాని కుర్రాడి చేత తెలుగు నోటీసు మీద సంతకం పెట్టిస్తే ఆ కాగితం ఉన్నా లేకున్నా ఒకటే.

కసరత్తులో ముద్దాయి వేషం వేసినవాడికి రహస్యంగా చెప్పండి, "తహసీల్దార్ గారి దగ్గరికే తీసుకెళ్ళండి" అని పట్టుబట్టమని. అప్పుడు చూడాలి మిగతావాళ్ళ ముఖాలు. అర్ధరాత్రి తహసీల్దార్ నంబరు ఎవరి దగ్గరుంది, వాహనం ఏది, అంతసేపూ బ్యాగు ఎవరి కాపలాలో ఉంటుంది, ఇవన్నీ అప్పుడే గుర్తొస్తాయి. గెజిటెడ్ అధికారుల జాబితా, ఫోన్ నంబర్లతో సహా, డ్యూటీ రూమ్ గోడ మీద ఉండాలి.

మధ్యవర్తులు అక్కడే మొదటి నుంచీ ఉండాలి. స్టేషన్‌కి తీసుకొచ్చాక రాసిన రిపోర్టు వాసన జడ్జిగారికి దూరం నుంచే తగులుతుంది. అరెస్టు చేస్తే కారణాలు వెంటనే చెప్పాలని సెక్షన్ 52 అంటుంది, రాసి కూడా ఇవ్వండి. 48 గంటల్లో సెక్షన్ 57 కింద పై అధికారికి పూర్తి రిపోర్టు వెళ్ళాలి. ముద్దాయి మన దగ్గర ఒప్పుకున్నాడు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 2020లో తూఫాన్ సింగ్ తీర్పు వచ్చాక ఈ చట్టం కింద అధికారుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా నిలవదు.

ఆడవాళ్ళు, పిల్లలు

ఆడవాళ్ళ ఒంటి సోదా ఆడవాళ్ళే చెయ్యాలి, చట్టంలోనే ఉంది. కానీ రాత్రి డ్యూటీలో మహిళా కానిస్టేబుల్ లేని టీమ్‌ని ప్లాట్‌ఫాం మీదికి పంపే ఆఫీసర్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడేమవుతుంది? చంకలో పిల్లతో ఉన్న మనిషిని రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి ఎవరో రావాలని ఎదురుచూస్తారు. ఆ రెండు గంటలకీ కాగితం ఉండదు. టీమ్ కూర్పు దగ్గరే దీన్ని సరిచెయ్యాలి. సోదాకి తలుపున్న గది కావాలి, వెయిటింగ్ హాల్ మూల కాదు. అక్కడ వీడియో గది బయట ఆగాలి, లోపల జరిగింది మహిళా అధికారి రాతలో ఉండాలి.

వెంట ఉన్న పిల్లలకి పాలు, బిస్కెట్లు ముందు. పద్దెనిమిది నిండనివాడి చేత సరుకు మోయిస్తే ఆ పిల్లాడు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్ళాలి, లాకప్‌లోకి కాదు. పిల్లాడి చేత మోయించినవాడికి అదే జువెనైల్ చట్టం సెక్షన్ 78 కింద ఏడేళ్ళ వరకు ఉంది. ఈ సెక్షను ఎఫ్ఐఆర్‌లో చేర్చడం మర్చిపోతుంటారు. మోసేవాళ్ళలో ఎక్కువమంది కొద్దిపాటి డబ్బుకి ఒప్పుకున్నవాళ్ళే. పంపినవాడు ఎక్కడో ఉంటాడు. ఫోను, టికెట్ బుక్ చేసిన నంబరు, డబ్బు పంపిన యూపీఐ ఐడీ, ఇవి సరుకుతో సమానంగా జాగ్రత్త చెయ్యాలని నేర్పండి.

మిగతావి

వాసన పసిగట్టే పోలీసు కుక్కల గురించి ఎక్కువ చెప్పను, హ్యాండ్లరే చెప్పాలి. కుక్క కూర్చుంది అంటే అనుమానానికి ఒక కారణం దొరికినట్టు, అంతే. మే నెల మధ్యాహ్నం ప్లాట్‌ఫాం కాలిపోతుంటే దాన్ని గంటల తరబడి తిప్పకండి.

కాంప్లెక్స్‌లో, మద్దిలపాలెంలో, ఎన్ఏడీ దగ్గర రాత్రి ప్రైవేటు ట్రావెల్స్ ఎక్కించే చోట డిక్కీలో లగేజీకి ట్యాగు ఉండదు. బ్యాగు ఎవరిదో ఎవరూ ఒప్పుకోరు. క్లీనర్లతో ముందే మాట్లాడి, ఏ సీటు వారి సామాను ఎక్కడ పెట్టారో గుర్తుంచుకునే అలవాటు చేయిస్తే ఆ పని తేలికవుతుంది. 2024 నవంబరులో రాష్ట్రంలో మత్తుపదార్థాల మీద ప్రత్యేక పోలీసు విభాగం ఈగల్ ఏర్పడ్డాక సమాచారానికి 1972 నంబరు ఉంది. ఆ నంబరు రాసిన కాగితం బస్సుల్లో అంటించమనండి. ఫోన్ చేసినవాళ్ళ పేరు మాత్రం జీడీలో ఎక్కించొద్దు.

ప్రాపర్టీ రూమ్ మాట వస్తే, 2022లో మథుర పోలీసులు 500 కిలోలకి పైగా గంజాయి ఎలుకలు తినేశాయని కోర్టుకి చెప్పిన సంగతి క్లాసులో చెప్పండి. అందరూ నవ్వుతారు. నవ్వు ఆగాక మీ స్టేషన్ ప్రాపర్టీ రిజిస్టరు తెప్పించి, చివరి ఎంట్రీకి సీలు సరిపోతుందో లేదో వాళ్ళ చేతే చూపించండి.

ఆఖర్న, బ్యాచ్‌ని ఒక పూట ఎన్డీపీఎస్ ప్రత్యేక కోర్టుకి తీసుకెళ్ళి వెనక బెంచీల్లో కూర్చోబెట్టండి. ముందుగా పీపీ గారితో మాట్లాడి, స్వాధీనం చేసుకున్న ఎస్ఐ సాక్ష్యం ఉన్న రోజు చూసుకోండి. యూనిఫాంలో వద్దు. ఫోన్లు బయటే పెట్టించండి, హాల్లో ఎవరిదైనా మోగితే చీవాట్లు తినేది వాడు కాదు, మీరు.